ఆరు రోజుల సబ్బు

మార్కాపురం బోరు నీళ్లకు కొబ్బరినూనె సబ్బు తప్ప ఏదీ సరిగ్గా నురగ రాదు. ఆ ఒక్క సంగతి మీదే ఫర్జానా, ఆమె అత్త బాషాబీ పదేళ్లుగా ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతున్నారు. నూనెలో కాస్టిక్ నీళ్లు కలిపి, చెక్క అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక కోసి అటక మీద ఆరబెడతారు. నెల తిరక్కుండా బాషాబీ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. పచ్చి సబ్బులో ఘాటు చావదని, ఒంటికి తగిలితే వాత తేలుతుందని అనేది.

ఆమె నిద్రలోనే పోయింది. పొద్దున ఫర్జానా లేపబోతే ఒళ్లు చల్లగా తగిలింది. వీధి చివరి ఆర్‌ఎంపీ వచ్చి, నాడి పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు. మధ్యాహ్నం నమాజుకల్లా మట్టి చెయ్యాలని మగవాళ్లు తొందరపెట్టారు.

ఊళ్లో పోయిన ఆడవాళ్లకు గుసుల్ స్నానం చేయించేది జైనబ్బీ. షాపు నుంచి తెచ్చిన సబ్బు ఆ నీళ్లలో తెట్టె కట్టింది.

"మీ ఇంట్లో సబ్బు పెట్టుకొని ఇదేందమ్మా? ఆమె చేసిన దాంతోనే ఆమెను పంపిద్దాం," అంది జైనబ్బీ.

ఆరిన సబ్బులన్నీ ముందు రోజే అమ్మకానికి గిద్దలూరు వెళ్లిపోయాయి. అటక మీద మిగిలినవి కోసి ఆరు రోజులే అయింది. పోయిన ఒంటికి మంటేముంటుందిలే అనుకుని ఫర్జానా ఒకటి తెచ్చి ఇచ్చింది.

కుడిచేతి మీద నురగ కడుగుతుంటే కనబడింది. అత్త మణికట్టు మీద ఎర్రటి వాత. అంతలోనే జైనబ్బీ ఒంటిని అవతలి పక్కకు ఒత్తిగిల్లజేసింది. తర్వాత కర్పూరం నీళ్లు పోశారు, కఫన్ గుడ్డ చుట్టారు. మధ్యాహ్నం నమాజు కాగానే మట్టి చేసేశారు.

మూడో రోజు అదే సబ్బు తన మణికట్టుకు రుద్దుకుని కూర్చుంది. కాసేపటికి అదే ఎరుపు తేలింది. నెత్తురు పారే ఒంటికి ఎరుపెక్కుతుంది. పారని ఒంటికి ఎట్లా ఎక్కింది?

ఆ మాటే భర్త మొహసిన్‌ను అడిగింది. అతను అన్నం కంచం పక్కకు జరిపాడు.

"డాక్టర్ చూసినాడు. నేనూ చూసినాను. ఇంక ఈ మాట ఎత్తొద్దు."

మర్నాటి నుంచి అతను తల్లిని మట్టి చేసిన కబరస్తాన్ దారి మానేసి, చుట్టూ తిరిగి దుకాణానికి వెళ్తున్నాడు.

వారం గడవక ముందే జైనబ్బీ ఫోన్ చేసింది. పెద్దారవీడులో ఒకామె తెల్లవారుజామున పోయిందట. నీళ్లు పోసే మనిషి లేదు, సబ్బు తీసుకుని రమ్మంది. గిద్దలూరులో అమ్ముడుపోని ఆరిన సబ్బులు నాలుగు అప్పటికి తిరిగొచ్చాయి. ఫర్జానా వాటిని వదిలేసి, పచ్చి వాటిలోంచి ఒకటి సంచిలో వేసుకుంది. తప్పని తెలుసు. తెలుసుకోకుండా బతకలేనని కూడా తెలుసు.

అక్కడ కుడి మణికట్టు తనే రుద్దింది. నురగను కడగకుండా వదిలేసి, వచ్చిన దువాలన్నీ రెండుసార్లు చదువుకుంది. తర్వాత నీళ్లు పోసింది. చర్మం మైనంలా తెల్లగానే ఉంది. వేలితో రుద్ది చూసింది. తెల్లగానే ఉంది.

తొందరపెట్టాల్సిన జైనబ్బీ తొందరపెట్టలేదు. చెంబు పట్టుకుని ఆమె కూడా ఆ మణికట్టునే చూస్తోంది.

"ఆ పొద్దు నాకూ కనపడింది ఫర్జానా," అంది మెల్లగా. "అందుకే బిరబిరా తిప్పేసినా."

పరదా అవతల నుంచి మగవాళ్లు, అయిపోయిందా అని అడిగారు.