జతలేని మామిడి పిందె

ఎడమ చెప్పును కుడి చెప్పు మీద బోర్లించి, రెండింటినీ కలిపి గూట్లోకి తోసి, దేవరాజులు నంబరు వేసిన ఇత్తడి బిళ్ళను కిటికీ అంచు మీద పెట్టాడు. గూడూరు నుంచి వచ్చిన పెద్దావిడ దాన్ని కొంగున ముడేసుకుని గుడివైపు నడిచింది. ఆమె వెనకాలే ఇంకో కుటుంబం. బూట్లు, రబ్బరు చెప్పులు, అడుగేస్తే కీచుమనే పిల్లల చెప్పులు. గోవిందరాజస్వామి గుడికి పోయే వీధిలో రేకుల కప్పు కింద ఉన్న ఆ చెప్పుల స్టాండుకు పొద్దున్నే రైళ్ళు దిగిన జనమంతా వస్తారు.

చెప్పుల్ని చూసి మనుషుల గుణాలు చెప్పేవాళ్ళు ఉంటారట. దేవరాజులుకు ఆ విద్య రాలేదు. ఇన్నేళ్ళ కొలువులో ఆయన నేర్చుకున్నది ఒకటే: జతను విడదీయకూడదు. పొడుగు మనిషి. కింది గూళ్ళలోకి వంగి వంగి నడుము పైన కాస్త ముందుకు ఒరిగిపోయాడు. నెరిసిన జుట్టు, మాసిన ఖాకీ చొక్కా, వేళ్ళ కొసల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. కుడివైపు మీసం ఎడమవైపు దానికంటే పొట్టిగా ఉంటుంది. ఎవరైనా అడిగితే బీడీ అంటుకుందని చెబుతాడు. ఆయన బీడీ మానేసి ఒక తరం గడిచిపోయింది.

అసలు సంగతి పక్క కిటికీలో కూర్చునే మునికుమార్‌కు తెలుసు. తెలిసి ఊరుకునే రకం కాదు కాబట్టి రోజుకు ఒకసారైనా ఆ మీసాన్ని పలకరిస్తాడు. కిటికీ పైన బిళ్ళలు తగిలించే మేకుల వరసలో ఏభైరెండో నంబరు మేకును చూపించి నవ్వుతాడు. ఆ నంబరు బిళ్ళను ఎవరో భక్తుడు పొరపాటున తన ఊరికి పట్టుకుపోయాడు. ఖాళీ అయిన ఆ మేకుకు ఇప్పుడొక వెండి మామిడి పిందె వేలాడుతోంది. బొటనవేలి గోరంత కమ్మ, ఒంటిది. దేవరాజులు చేత్తో చేసింది.

కమ్మలు చేయాలన్న పిచ్చి ఆయనకు ఊరికే పట్టలేదు. కూతురు మోహన పలకా బలపం పట్టిన వయసులో ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరి పెద్దాసుపత్రిలో పడ్డాడు. డాక్టర్లు పెదవి విరిచిన రోజున భార్య వరదమ్మ మెట్లెక్కి కొండకు పోయి నిలువుదోపిడి ఇచ్చింది. తాళీ మెట్టెలూ తప్ప కమ్మలు, ముక్కుపుడక, మెళ్ళో గొలుసు, కాళ్ళ పట్టీలు, ఒంటి మీద ఉన్నదంతా హుండీలో వేసింది. అంతటితో ఆగితే ఆమె వరదమ్మ ఎందుకవుతుంది? ఈయనకు ఊపిరి నిలబెడితే ఇక నా చెవులకు కొన్న వస్తువు పెట్టుకోను సామీ అని పైమొక్కు ఒకటి మొక్కుకుంది. వడ్డికాసులవాడి దగ్గర అడక్కుండానే వడ్డీ పెంచుకున్న మనిషి ఆవిడ ఒక్కతే అయి ఉంటుంది.

దేవరాజులు బతికాడు. వరదమ్మ చెవులకు వేప పుల్లలు వచ్చాయి. తమ్మెల రంధ్రాలు పూడిపోకుండా శుక్రవారం శుక్రవారం కొత్త పుల్లలు విరిచి పెట్టుకుంటుంది. హాస్టలు మెస్సులో ఆమెతోపాటు కూరగాయలు తరిగే ఆడవాళ్ళు మొదట్లో జాలిపడ్డారు, తర్వాత ఎగతాళి చేశారు, ఆ తర్వాత అలవాటు పడ్డారు. పలమనేరులో కాపురముంటున్న మోహన బుట్టకమ్మలు కొని తెస్తే, వాటిని కళ్ళకద్దుకుని మళ్ళీ కూతురి చేతిలోనే పెట్టింది. అలవాటు పడనిది దేవరాజులు ఒక్కడే. ఆ పుల్లలు కంటపడినప్పుడల్లా తన ఊపిరికి ఆమె చెవులు బాకీ తీరుస్తున్నట్టుగా ఆయనకు సిగ్గేసేది.

దారి చూపింది వెంకటముని ఆచారి చెప్పులు. బేరి వీధి వెనక సందులో ఉండే ఆ ముసలి కంసాలి గుడికి వచ్చినప్పుడు చెప్పు తోలుపట్టీ తెగింది. దేవరాజులు కూర్చున్నచోటే దబ్బనంతో నాలుగు కుట్లు వేసిచ్చాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఆచారి కాలు ముందుకు చాపి చూపిస్తూ, కొన్న కుట్టు కంటే నీ కుట్టే గట్టిగా ఉందని మెచ్చుకున్నాడు. ఆ మాట దేవరాజులు బుర్రలో రోజంతా తిరిగింది. వరదమ్మ మొక్కింది కొన్నది పెట్టుకోనని. చేసింది పెట్టుకోనని ఆమె ఎవరికీ మాటివ్వలేదు.

నాకు కమ్మలు చేయడం నేర్పు సామీ అని అడిగితే ఆచారి ముందు నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఈ విద్య నేర్పమని నన్ను అడిగినవాడివి నువ్వే, మిగతా లోకమంతా మిషను నగలకు పోయిందన్నాడు. ఆ మధ్యాహ్నమే కూర్చోబెట్టాడు.

ఇవాళ కూడా ఎండ నడినెత్తికి వచ్చి జనం పలచబడగానే దేవరాజులు కిటికీని మునికుమార్‌కు అప్పగించి సందు దారి పట్టాడు. మధ్యలో ఒకసారి ఆగి, ఒక అరుగు మీద చేయి ఆనించి, ఊపిరి తీసుకున్నాడు. ఈ మధ్య ఇలా అవుతోంది. వయసు కదా అనుకుని మళ్ళీ నడిచాడు.

ఆచారి గది ఇద్దరు మనుషులూ ఒక కుంపటీ పట్టేంత. గోడకు పటకారులు, ఆకురాళ్ళు, చిన్నా పెద్దా సుత్తులు. మధ్యలో చింతమొద్దులో దిగేసిన దాగలి, తరాల దెబ్బలకు నున్నగా మెరిసే చిన్న ఇనుప దిమ్మె. ఆచారి చూపు మందగించింది కానీ చెవులు పదును. సుత్తి దెబ్బ విని రేకు ఎక్కడ మందంగా ఉందో చెప్పేస్తాడు.

మొదట్లో ఆయన నేర్పింది ఊదడమే. ఇత్తడి ఊదుగొట్టం నోట పెట్టుకుని, బుగ్గల నిండా గాలి నిలిపి, ముక్కుతో పీలుస్తూనే నోటితో వదలాలి. మంట మధ్యలో తెగితే అతుకు పెట్టే టంకం కరగదు. దేవరాజులుకు ఊదితే పీల్చడం మరిచిపోవడం, పీల్చితే ఊదడం మరిచిపోవడం. మీసం పోయింది అప్పుడే. వెండి కూడా కొన్నది కాదు. పసివాడప్పుడు తల్లి తన నడుముకు కట్టిన వెండి మొలతాడు ట్రంకుపెట్టె అడుగున ఉంటే, దాన్నే తెచ్చి కరిగించాడు. రేకు సాగగొట్టి, కాగితం మీద మామిడి పిందె గీసి, ఆ అచ్చు ప్రకారం రెండు కోశాడు. సన్నటి తీగను మెలిపెట్టి అంచుల చుట్టూ అతికాడు. రెండోది పూర్తయిన రోజున గుడ్డ మీద పక్కపక్కన పెట్టి ఆచారి మెప్పు కోసం చూశాడు.

ఆచారి రెండింటినీ మార్చి మార్చి వేలితో తడిమాడు. చివరికి, "ఏమప్పా దేవరాజులూ, నీ పెండ్లానికి రెండూ ఎడమ చెవులేనా?" అన్నాడు.

రెండు పిందెల ముక్కులూ ఒకే వైపుకు తిరిగి ఉన్నాయి. రెండో రేకును తిరగేసి తీగ అతకాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. జన్మంతా కుడి ఎడమలు చూసుకుని బతికిన మనిషి, సొంత పనికి వచ్చేసరికి రెండూ ఎడమవే చేశాడు. ఆచారితోపాటు తనూ నవ్వాడు. నవ్వాడు కానీ ఆ సాయంత్రం ఇంటికి పోయే దారిలో ఏడుపొచ్చినంత పనైంది. ఒకదాన్ని కరిగించి మళ్ళీ చేయమని ఆచారి చెప్పినా మనసొప్పలేదు. దాన్ని తీసుకుపోయి స్టాండులో ఏభైరెండో మేకుకు తగిలించాడు. మిగిలిన వెండి ముక్కతో మూడోది మొదలుపెట్టాడు.

ఆ మూడోదానికి ఇవాళ కొక్కెం అతకాలి. అతకాల్సిన చోట టంకం పట్టడానికి వెలిగారం నీళ్ళు రాసి, టంకం ముక్క పెట్టి, దేవరాజులు ఊదుగొట్టం అందుకున్నాడు. మంట సన్నగా సాగి పిందె మీద వాలింది. వెండి నల్లబడింది, తర్వాత మెల్లగా ఎర్రబారింది. టంకం ఇంకా కదలక ముందే ఆయన ఛాతీ పట్టేసింది. మంట కుంగింది. గొట్టం తీసి దగ్గాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ సగంలో ఆగాడు. ఇంకొకసారి ఎక్కువతక్కువగా కాలిందంటే పిందె మొత్తం కరిగి ముద్దవుతుంది. ఇంకోటి చేయడానికి వెండి లేదు.

"ఇట్లియ్యి, నేను ఊదుతా," అని ఆచారి చేయి చాపాడు.

"వద్దు సామీ. దీనికి నా ఊపిరే కావాల."

ఆచారి చేయి వెనక్కి తీసుకున్నాడు. దేవరాజులు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. తొందరేమీ లేనట్టు, ఆసుపత్రి మంచం మీద మళ్ళీ ఊపిరి ఆడిన రోజున పీల్చినట్టు, నిదానంగా పీల్చాడు. ఈసారి మంట తెగలేదు. టంకం ఒక్కసారి తళుక్కుమని నీళ్ళలా పారి కొక్కెం మొదట్లో కూర్చుంది. ఆయన గొట్టం కింద పెట్టి, కాసేపు ఒళ్ళంతా చెమటతో అలాగే ఉండిపోయాడు. ఇంత సంతోషం తనకు ఎప్పుడు కలిగిందో గుర్తు తెచ్చుకోబోయి, గుర్తురాక, ఉన్నదాన్నే అనుభవించాడు.

చింతపండు నీళ్ళలో మరగబెట్టి, కుంకుడు నురగతో కుంచె పెట్టి రుద్దితే పిందె తెల్లగా తేలింది. ఆచారి దాన్ని కంటికి దగ్గరగా పట్టుకున్నాడు. టంకం కొంచెం ఎక్కువైందన్నాడు. తీగ ఒకచోట వంకరన్నాడు. అన్నీ అని, పాత పట్టుగుడ్డ ముక్కలో జతను చుట్టి ఆయన చేతిలో పెట్టి, పోయిరా అన్నాడు.

కొర్లగుంటలో వాళ్ళది రెండు గదుల అద్దె ఇల్లు. దేవరాజులు చేరేసరికి వరదమ్మ మెస్సు నుంచి వచ్చి, వాకిట్లో కూర్చుని పాదాలకు నూనె రాసుకుంటోంది. గుండ్రటి మొహం, కత్తిపీట మీద ఏళ్ళ తరబడి పనిచేసి గీతలు పడిన బొటనవేలు, చెవులకు పుల్లలు. ఆయన పట్టుగుడ్డ ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె విప్పి, ఒక పిందె తీసి వెలుగుకు పట్టి చూసింది. అన్ని నెలల పనీ ఆ ఒక్క నిమిషం మీద ఆధారపడి ఉంది. కాదంటుందేమోనని దేవరాజులు చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"ఇవి యాడివి?"

"నేనే చేసినా మే."

ఆమె ఆయన మీసం వైపు చూసింది. బీడీ కథ ఆమె ఏనాడూ నమ్మలేదు. మొలతాడు పెట్టెలో లేదనీ ఎప్పుడో కనిపెట్టింది. ఏదో చేస్తున్నాడని తెలుసు, ఏం చేస్తున్నాడో తెలియదు. అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుంది పాపమని అడగలేదు. ఇప్పుడు మాత్రం న్యాయవాదిలా విచారణ మొదలుపెట్టింది. వెండి అత్త కట్టిన మొలతాడుది, సరే. బొగ్గులు ఎవరివని అడిగింది. మన నీళ్ళ పొయ్యివే, కొబ్బరిచిప్పలవి అన్నాడు. టంకమూ వెలిగారమూ ఆచారి ఊరికే ఇచ్చినవి.

"ఆచారికి కూలి ఏమిచ్చినావు?"

"ఏమీ తీసుకోల్యా. చెప్పులకు కుట్లేసినా, అంతే."

వరదమ్మ లేచి కొండ ఉన్న వైపుకు తిరిగి, పెదవులు కదుపుతూ ఎవరితోనో లెక్క సరిచూసుకున్నట్టు నిలబడింది. "అయితే ఇవి కొన్నవి గాదు," అంది.

ఎడమ పుల్ల సులువుగానే వచ్చింది. కుడి పుల్ల సన్నదేమో, రంధ్రం ఇరుకై, కొక్కెం దిగడానికి మొరాయించింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి అంది. ఆయన నమ్మినట్టే తలూపాడు. ఏది ఎడమదో ఏది కుడిదో ఆమె తికమకపడితే, ముక్కులు రెండూ మొహం వైపుకు తిరగాలని పెద్ద ఆరిందాలా చెప్పాడు. తను చేసిన పొరపాటు సంగతి చెబితే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

పొద్దు వాలింది. సంగటి కెలుకుతాను, చెనిక్కాయల ఊరిబిండి నూరుతాను, అంతసేపూ నడుం వాల్చమని ఆమె లోపలికి పోయింది. దేవరాజులు వరండాలో నవారు మంచం మీద వాలాడు. తెరిచిన తలుపులోంచి ఆమె కనిపిస్తోంది. సంగటి కెలకడానికి వంగినప్పుడు పిందెలు రెండూ ముందుకు ఊగుతున్నాయి, లేచినప్పుడు ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తున్నాయి. ఇప్పుడు జత కుదిరింది అనుకున్నాడు. రోలు చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు. ఛాతీలో బరువు ఉంది కానీ, ఊదాల్సిన పని ఇక ఏదీ లేదు.

అన్నానికి పిలిస్తే పలకలేదు. నిద్ర పట్టిందనుకుని ఆమె కంచం మీద మూత పెట్టింది. మళ్ళీ వచ్చి పిలిచింది. మూడోసారి తెడ్డు చేత్తోనే వచ్చి భుజం తట్టింది. పక్కింటి నర్సు స్టెల్లా పరుగెత్తుకొచ్చి మణికట్టు పట్టుకుని చూసి, ఆ చేతిని తిరిగి మెల్లగా ఆయన పొట్ట మీద పెట్టింది.

పెద్దకర్మ నాడు ఆడవాళ్ళు గాజులు తీశారు, మెట్టెలు తీశారు. వరదమ్మ కాళ్ళు చాపి ఊరుకుంది. దేవరాజులు అక్క చంద్రకాంతమ్మ చెవుల వైపు చేయి తెచ్చినప్పుడు మాత్రం రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"ఇవి ముట్టగాకు వదినా. వీటిల్లో ఆయన ఊపిరుండాది."

చంద్రకాంతమ్మ చేయి వెనక్కి తీసుకుని, వరదమ్మ చెంగు సర్ది పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

కొన్నాళ్ళకు ఆయన క్యారియరు, తువ్వాలు తీసుకుపోవడానికి వరదమ్మ స్టాండుకు వచ్చింది. మునికుమార్ ఏభైరెండో మేకుకున్న పిందె తీసి, ఇది కూడా నీదేనక్కా అని ఇచ్చాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని వేలితో తిప్పింది. ఆయన చెప్పిన కథ గుర్తొచ్చి, ఏడుస్తూనే నవ్వింది. తర్వాత మునిగాళ్ళ మీద లేచి మళ్ళీ దాని చోటనే తగిలించింది.

"ఉండనీ అబ్బా. ఆయన కూచున్న చోట ఒకటి ఉండాల గదా," అని క్యారియరు పట్టుకుని జనంలో కలిసిపోయింది.

అప్పుడే ఏదో రైలు వచ్చినట్టుంది, కిటికీ ముందు వరస కట్టారు. మునికుమార్ ఒక్కో బిళ్ళా తీసి ఇస్తుంటే పక్క బిళ్ళలు కదిలి ఆ వెండి పిందెకు తగిలి చిన్నగా మోగుతున్నాయి. దాని ముక్కు ఎప్పటిలాగే ఎడమవైపుకు తిరిగి ఉంది.