నవాబు గుండెలో ఖాళీలు

రేపల్లెలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రం తిప్పే మీరావలి రోజూ పొద్దున్నే తన గుర్రం నవాబుకి ఒళ్ళంతా రుద్ది, ముందుకాలి వెనక చెవి ఆనించి దాని గుండె వింటాడు. ఆ రోజు గుండె కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒక దెబ్బ వదిలేసింది. కాసేపాగి మళ్ళీ వదిలేసింది. మర్నాడు బాపట్లలో పెళ్ళి. ఒప్పుకున్న పెళ్ళిని ఏనాడూ ఎగ్గొట్టని మనిషి. గుర్రాన్ని వ్యాన్ ఎక్కించి, భార్య జైనబ్ బీతో తెనాలి పశువుల ఆసుపత్రికి వచ్చాడు.

డాక్టర్ బిందుమాధవి గుర్రం వెంట్రుకలు తడిపి, మెడ దగ్గరా ముందుకాలి వెనకా ఈసీజీ క్లిప్పులు పెట్టింది. మెడకు ఎవరైనా చెంప ఆనిస్తే తప్ప నవాబు నిలబడదు. మీరావలి ఆనించాడు. కాగితం మీద గీత సాగింది. వరసగా పెద్ద దెబ్బలు, అక్కడక్కడా ఖాళీ, ప్రతి ఖాళీలోనూ ఒక చిన్న దెబ్బ.

"తాతగారూ, కాస్త పక్కకెళ్ళండి."

ఆయన బదులు జైనబ్ బీ చెంప ఆనించింది. ఆయన కుళాయి దాకా వెళ్ళినా కాగితం మీద చిన్న దెబ్బ పడుతూనే ఉంది. డాక్టర్ వెళ్ళి ఆయన నాడి పట్టుకు చూసింది.

"ఈ చిన్నది మీదేనండి. మీ గుండెకు దెబ్బలు చాలట్లేదు. ఇది తనవి వదిలి మీకిస్తోంది."

"దీనికి జబ్బేంటమ్మా?"

"ఏం లేదండి. తీరిగ్గా నిలబడ్డ గుర్రాలకి ఇది మామూలే. పరిగెత్తితే మాత్రం వదలవు."

ఆవరణలో ఒక చుట్టు పరిగెత్తించారు. నవాబు గుండె ఒక్క దెబ్బా వదల్లేదు. మీరావలి కుళాయి గట్టు మీద కూలబడ్డాడు.

"ఊరేగింపులో ఇది గంతులేసినప్పుడల్లా ఇలాగే కూలబడతాడమ్మా," అంది జైనబ్ బీ. "అడిగితే ఎండ అంటాడు. రాత్రిపూట ఎండేంటండి? మనుషుల డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు, గుర్రం వంకతో ఇక్కడికొచ్చాడు."

"గుర్రం బాగుందిగా. రేపు బాపట్ల వెళ్తాం," అన్నాడు మీరావలి.

"గుర్రం వెళ్ళొచ్చండి. మీకే కుదరదు."

"నేను లేకుండా అది వెళ్ళదు."

"అయితే ఇద్దరికీ కుదరదు. ముందు గుండె డాక్టరుకి చూపించుకోండి."

మర్నాడు మీరావలి నవాబు మీద జరీ గుడ్డ కప్పాడు, కాళ్ళకి గజ్జెలు కట్టాడు. కళ్ళెం పట్టి లాగాడు. నవాబు గిట్ట ఎత్తలేదు. తల ఆయన భుజం మీద పెట్టి ఊరుకుంది.

"మొండిదానా!"

"ఎవరి పెంపకం?" అంది జైనబ్ బీ గుమ్మంలోంచి.

నవాబు గుండె ఒక దెబ్బ వదిలింది. మీరావలి ఛాతీలో అది పడింది. ఆయన వంగి గజ్జెలు విప్పాడు.

"ఫోన్ ఇటివ్వు," అన్నాడు. "బాపట్ల వాళ్ళకి రాలేమని చెప్పాలి. ఆ తర్వాత నీ గుండె డాక్టరు దగ్గరికి పోదాం పద."

సాయంత్రం బాపట్లలో పెళ్ళికొడుకు కారులో ఊరేగాడు. రేపల్లెలో నవాబు నిలబడే కునుకు తీస్తూ, మధ్యమధ్యలో ఒక దెబ్బ వదులుతోంది. గుండె డాక్టరుకి చూపించుకొచ్చిన మీరావలి పక్కనే మంచం మీద టీ చల్లారిందని జైనబ్ బీ మీద కేకలేస్తున్నాడు.