నవాబు మూతి మీద ముప్పై నాలుగు

సోమవారం పొద్దున మూడు. గురువారానికి పదకొండు. మళ్లీ సోమవారం వచ్చేసరికి యాదయ్య లెక్కపెట్టడం మానేశాడు. చేతివేళ్లు అయిపోయాయి, కాలివేళ్లు అయిపోయాయి, ధైర్యం అంతకుముందే అయిపోయింది.

నవాబు అతని గుర్రం. వయసు రెండున్నరేళ్లు. ఒళ్లంతా నల్లగా నిగనిగలాడుతుంది, నుదుట తెల్లటి చుక్క. అది నడిచొస్తుంటే పెద్దమందడి రోడ్డు మీద ఆటోలు కూడా పక్కకు తప్పుకుంటాయి. ఎవరికీ తప్పుకోని ఆటోలవి. అలాంటి గుర్రం మూతి మీద, పెదవుల చుట్టూ, ముక్కుపుటాల అంచుల్లో ఇప్పుడు గోబీపువ్వు తుంచి అతికించినట్టు బూడిదరంగు ఉలిపిరికాయలు.

వేరే ఇంట్లో అయితే దాన్ని జబ్బంటారు. యాదయ్య ఇంట్లో అది పరువు నష్టం. ఉలిపిరికాయకు గుర్రం తోక వెంట్రుక బిగించి కడితే ఎండి రాలిపోతుందని చుట్టుపక్కల మూడు మండలాల నమ్మకం. ఆ వెంట్రుక అడగ్గానే దొరికే ఏకైక చిరునామా యాదయ్య ఇల్లు. ఇరవై ఏళ్లుగా అతను ముసలి గుర్రం రాణి తోకలోంచి పీకి పంచుతూనే ఉన్నాడు. రాణి తోక ఇప్పుడు అరిగిన చీపురులా ఉంది, మిగతా తోకంతా జనం మెడల మీదా వేళ్ల మీదా స్థిరపడిపోయింది. అలాంటి ఇంట్లోనే, ఆ రాణి కన్న పిల్లకే ఉలిపిర్లు. ఫైర్ స్టేషన్‌కు నిప్పంటుకున్నట్టయింది.

పరువుదేముంది, పోతుంది, వస్తుంది. పోతే రానిది నవాబు. పెళ్లి ఊరేగింపులకు పన్నెండేళ్లు నడిచిన రాణికి ముందుకాలు పట్టేసింది, ఇక నడవలేదు. కూర్చుని తినే గుర్రాలు రెండింటిని మెట్ట పొలంలో పండే గడ్డి భరించలేదని అతని భార్య ఇందిరమ్మ ఎండాకాలంలోనే తీర్పు చెప్పింది. ఈ పెళ్లిళ్ల కాలంలో నవాబు నడవాలి, లేదా గుర్రాలు అమ్మే మేళాలో బేరగాడి లారీ ఎక్కాలి. తల్లి కడుపులో అడ్డం తిరిగిన పిల్లను మోచేతి దాకా చెయ్యి పెట్టి బయటికి లాగినవాడు యాదయ్య. ఆ రోజు నుంచి అది అతని భుజం మీద మూతి ఆనించకుండా నీళ్లు తాగదు. దాన్ని లారీ ఎక్కించే ఊహ వస్తే చాలు, అతనికి అన్నం సహించదు.

ఒకే ఒక్క పెళ్లి ఒప్పుకుని ఉంది. గద్వాలలో చీరలు నేసే గిరిధర్ కొడుకు విజయ్ పెళ్లి. ఇరవై ఆరు రోజులుంది.

మండలం పశువుల దవాఖానలో డాక్టర్ రోహిణి నవాబు మూతిని రెండు నిమిషాలు చూసింది. లేత గుర్రాలకు వచ్చే వైరస్ అని, రెండు మూడు నెలల్లో ఒంటికి దాన్ని ఎదుర్కోవడం అలవాటై వాటంతటవే రాలిపోతాయని చెప్పింది. గిల్లొద్దంది, కట్టొద్దంది, కాల్చొద్దంది. నీళ్ల బకెట్టు వేరే, బ్రష్షు వేరే పెట్టమంది. మనుషులకు అంటదని కూడా చెప్పి, కాగితం మీద రాసిచ్చింది. ఒంటి మీద ఇంకెక్కడైనా లేచినా, పుండు పడినా వెంటనే తీసుకురమ్మని చెప్పి చేతులు కడుక్కుంది.

యాదయ్య కదల్లేదు. దవాఖానకొచ్చి సూది లేకుండా వెళ్లడం అతని వంశంలో లేదు.

"జర సూదన్న వెయ్యి, డాక్టరమ్మా" అన్నాడు.

"ఎవలికెయ్యాలె? గుర్రానికా, నీకా?" అంది రోహిణి.

ఏమీ చెయ్యకుండా ఉండటానికి ఈమె ఇన్నేళ్లు చదవాలా అని దారి పొడుగునా మథనపడ్డాడు యాదయ్య. ఏమీ చెయ్యకపోవడం తనకు చిన్నప్పుడే వచ్చు. ఇంటికి రాగానే సొంత వైద్యం మొదలుపెట్టాడు. రాణి తోకలోంచి నాలుగు వెంట్రుకలు పీకి, నవాబు మూతి మీద పెద్దవాటిని ఏరి ముడేశాడు. మూడు మండలాలను బాగుచేసిన వెంట్రుక సొంత బిడ్డను బాగుచెయ్యదా?

చెయ్యలేదు. దురద పుట్టి నవాబు తొట్టి అంచుకు మూతి రాసుకుంది. ముడులు తెగాయి, రక్తం కారింది, ఆ రక్తం పాకిన చోటల్లా వారం తిరిగేసరికి కొత్త మొలకలు లేచాయి. మొక్కజొన్న కూడా ఆ పొలంలో అంత ఒత్తుగా ఎన్నడూ మొలవలేదు.

అప్పుడు వెంకటన్నకు కబురు వెళ్లింది. కొల్లాపూర్ మామిడి తోటల్లో కావలి కాస్తూ, తీరిక ఉన్నప్పుడు వైద్యం చేసే మనిషి. కావలికి జీతముంది, వైద్యానికి కీర్తి ఉంది. నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపం మీద కాచి, కారే నల్లటి నూనెను ఉలిపిరి మీద చుక్క పెడతాడు. ఉలిపిరి మాడిపోతుంది. పక్కనున్న చర్మం, దాని కింది మాంసం కూడా మాడిపోతాయి. వాటి గురించి ఎవరూ అడగరు కాబట్టి ఆయనా చెప్పడు. తన చేతిలో బాగైన బర్రెల పేర్లు మాత్రం వరసగా చదివాడు, ఒక్కటి కూడా ప్రస్తుతం బతికి లేదు.

ఇందిరమ్మ అడ్డం నిలబడింది. డాక్టరమ్మ కాల్చొద్దన్నదని గుర్తుచేసింది. డాక్టరమ్మకు గుర్రాల సంగతి పుస్తకాల్లో తెలుసు, వెంకటన్నకు చేతుల్లో తెలుసు అని యాదయ్య బదులిచ్చి, నవాబు మెడను రెండు చేతులా కౌగిలించుకున్నాడు. చెంపకు చెంప ఆనించాడు. గుర్రం కదలకుండా నిలబడింది. అతను పట్టుకుంటే అది కత్తికైనా నిలబడుతుంది.

గింజ చిటపటలాడింది. నల్లటి బొట్టు సూది కొసకు దిగింది. వెంకటన్న చెయ్యి మూతికి జానెడు దూరంలోకి వచ్చింది.

నవాబుకు తుమ్మొచ్చింది.

గుర్రం తుమ్ము చిన్న విషయం కాదు. సూది ఎగిరింది, గింజ ఎగిరింది, కాగిన జీడినూనె సరిగ్గా ఒకే చోట పడింది. యాదయ్య పైపెదవి మీద. నవాబు మూతికి ఒక్క చుక్క అంటలేదు. వెంకటన్న తన సామాను, తన కీర్తి సర్దుకుని, ఇలాంటిది బర్రెల్లో ఎన్నడూ జరగలేదంటూ బండెక్కాడు.

తెల్లారేసరికి యాదయ్య పెదవి బూరె అయింది. వనపర్తి దవాఖానలో మలాం రాసి, పది రోజులు పెదవి కదపొద్దన్నారు. ఇంటికొచ్చాక ఇందిరమ్మ మొగుడి మూతినీ గుర్రం మూతినీ మార్చి మార్చి చూసింది.

"ఇగ పెండ్లికి నువ్వే పో అయ్యా. నవాబును ఇంట్ల కట్టేస్త" అంది.

ఆ పది రోజులు పెత్తనమంతా ఆమెదే. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. నవాబుకు వేరే బకెట్టు, వేరే బ్రష్షు. వెంట్రుకా లేదు, జీడీ లేదు. ఏమీ చెయ్యని ప్రాణిని భరించడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు, ఏమీ చెయ్యని వైద్యం కష్టమనిపించలేదు. కొత్తవి లేవడం ఆగింది. ఉన్నవి మాత్రం ఒక్కటీ రాలలేదు.

పెళ్లి వారంలోకి వచ్చాక గిరిధర్ గుర్రాన్ని చూడటానికి గద్వాల నుంచి వచ్చాడు. మగ్గం మీద పోగు తెగితే గది అవతలి నుంచి కనిపెట్టే కన్ను అతనిది. నవాబు ముందు నిలబడి ఒక్కసారి చూశాడు.

"ముప్పై నాలుగున్నయ్" అన్నాడు.

ఇందిరమ్మ డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం అందించింది. మనుషులకు అంటదని అందులో స్పష్టంగా ఉంది. గిరిధర్ చదివి మడిచి తిరిగి ఇచ్చాడు. తనకు నమ్మకమే, కానీ ఎదుర్కోళ్లలో ఐదువందల మంది ఉంటారు, పైన డ్రోను ఉంటుంది, వాళ్లందరికీ ఈ కాగితం పంచలేడు కదా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కారు మాట్లాడుకుంటానని కూడా అంతే మర్యాదగా చెప్పి చెప్పులు వేసుకున్నాడు.

యాదయ్య మూతికి అడ్డం కట్టుకున్న తువ్వాల విప్పాడు. పెదవి మీద చెక్కు కట్టి నల్లగా ఉంది. మాట్లాడితే పగులుతుంది. మాట్లాడాడు.

"అన్నా, దాని తప్పేం లేదు. దాన్ని కాల్వబోయి నేను కాల్చుకున్న. ఊకె ఉండుమంటె ఉండకపోతి. నువ్వు గిట్ల పోతే ఇది మేళాకు పోతది. నాకు ఇంకో దారి తెల్వదు."

గిరిధర్ చెప్పులు విడిచాడు. ఆ తర్వాత అతను చేసిన పని చూసి ఈయనకు మతిపోయిందేమో అనుకుంది ఇందిరమ్మ. జేబులోంచి నూలుపోగు తీసి, నవాబు చెవి కింద నుంచి మూతి మీదుగా అవతలి చెవి దాకా కొలిచి ముడి వేసుకున్నాడు.

"మా ఇంట్ల ఒక చీర పడున్నది. అంచుల నాలుగు కోటకొమ్మలు తప్పు పడ్డయ్. అమ్మనీకి రాదు, కట్టనీకి రాదు. పెట్టెల పెట్టి రెండేండ్ల సంది ఎవ్వలకు చూపెట్టలే" అన్నాడు.

ఆ చీరతో మూతికి పరదా కట్టొచ్చా అని ఇందిరమ్మ ఫోన్ చేసి అడిగితే రోహిణి ఒప్పుకుంది. లోపల మెత్తటి నూలుగుడ్డ ఉండాలి, ముక్కుపుటాలకు గాలి తగలాలి, అరగంటకు మించొద్దు, తీసిన వెంటనే ఉడికించి ఉతకాలి, ఇంకో గుర్రానికి కట్టకూడదు.

పెళ్లిరోజు పొద్దున తొమ్మిదింటికి నవాబు గద్వాల వీధిలోకి అడుగుపెట్టింది. కళ్ల కింద నుంచి మూతి దాకా ఎర్రటి పట్టు, దాని చుట్టూ జరీ అంచు, ఆ అంచులో గోపురాల్లా లేచిన కోటకొమ్మలు. వాటిలో నాలుగు వంకర. ఎవరో ఇదేంటని అడిగారు. గిరిధర్ నోరు విప్పేలోపే పెళ్లికొచ్చిన ఒక పెద్దాయన, సంస్థానం కాలంలో రాజుల గుర్రాలకు ఇలాగే కట్టేవారని, తన తాత కళ్లారా చూశాడని చెప్పాడు. తొమ్మిదింటికి పుట్టిన ఆచారం పదకొండింటికల్లా పురాతనమైపోయింది. విజయ్ గుర్రం మీద వచ్చిన వీడియో సాయంత్రానికి నాగర్‌కర్నూల్ దాటింది.

మర్నాటి నుంచి యాదయ్య ఫోన్ మోగుతూనే ఉంది. అందరికీ పరదా గుర్రమే కావాలి. నెలన్నరలో నవాబు తొమ్మిది పెళ్లిళ్లు నడిచింది. మేళా వచ్చింది, వెళ్లింది, ఇందిరమ్మ ఆ మాటే ఎత్తలేదు. వనపర్తిలో మిగతా గుర్రాలవాళ్లు కూడా శుభ్రమైన మూతులకు పరదాలు కట్టారు. వంకర కొమ్మలు లేనిది నకిలీ అని జనం వాటిని తిప్పి పంపారు. జీవితమంతా తప్పు పడకుండా నేసిన గిరిధర్ ఇప్పుడు పరదాలు అడిగినవాళ్ల కోసం కావాలని తప్పు నెయ్యలేక మగ్గం ముందు తల పట్టుకున్నాడు.

మూడో నెలలో ఒక వారం రోజుల్లో ఉలిపిర్లన్నీ రాలిపోయాయి. ఒక్క మచ్చ లేదు. అది తన జీడి వాసన మహిమేనని వెంకటన్న కొల్లాపూర్‌లో ప్రకటించుకున్నాడు. యాదయ్య రోహిణి దగ్గరికి వెళ్లి, ఏమీ చెయ్యకుండా భలే చేశావమ్మా అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఆమె దాన్ని ఎలా తీసుకోవాలో తెలియక టీ తెప్పించింది.

ఆ మర్నాడే వనపర్తిలో పెళ్లి. పొద్దున్నే నవాబుకు తలంటు పోసి, మూతికి నూనె రాసి, పరదా కట్టకుండా సంచిలో వేసుకుని తీసుకెళ్లాడు యాదయ్య. ఎవరైనా చూడాలని అతని ఆశ. పెళ్లికొడుకు మేనమామ చూడనే చూశాడు.

"పరదా ఏది?"

మూతి బాగైందని యాదయ్య సంతోషంగా వివరించాడు. గుర్రం మూతి చూడటానికి ఎవరూ రాలేదని మేనమామ ఏమాత్రం సంతోషం లేకుండా వివరించాడు. పరదా కట్టక తప్పలేదు. బ్యాండు మొదలైంది. పది అడుగులు పడ్డాక మేనమామ మళ్లీ వచ్చి, జీడి పడ్డ చోట నల్లగా మిగిలిపోయిన యాదయ్య పెదవిని చూశాడు.

"అన్నా, నువ్వు జర పక్కకు జరుగు. వీడియోల పడుతున్నవ్."

యాదయ్య కళ్లెం మేనమామ చేతికిచ్చి జనంలోకి తప్పుకున్నాడు.

నవాబు ఆగింది. కొట్టలేదు, కరవలేదు, వెనక్కి తన్నలేదు. నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడింది. మేనమామ లాగాడు. ఇద్దరు బావమరుదులు నెట్టారు. బ్యాండువాళ్లు వాయించిందే మూడుసార్లు వాయించారు. పెళ్లికొడుకు పైన కూర్చుని తలపాగా సర్దుకుంటూ నవ్వడానికి ప్రయత్నించాడు. డ్రోను నెత్తి మీద గిరగిరా తిరుగుతూ అంతా శ్రద్ధగా తీసింది.

చివరికి మేనమామే కళ్లెం పట్టుకుని జనంలోకి చూస్తూ అరిచాడు.

"యాదన్నా, యాడున్నవే. రా, ముందటికి రా."