వదిన ముందే చూసిన ఫైలు

మా ఆఫీసులో నేను డిస్కు డ్రైవరు, అంటే కంప్యూటరు చేత డిస్కు మీద రాయించే ప్రోగ్రాము రాస్తాను, మా వదిన దాన్ని పడగొట్టి చూస్తుంది. ఆమెకు జీతం ఇచ్చేదే అందుకు. ఇంట్లో కూడా ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర నిలబడతాం. నా పనిలో తప్పు దొరికిన రోజు కూర కలుపుతున్నా ఆమె మొహం వెలిగిపోతూ ఉంటుంది.

ఈసారిది ఆసుపత్రికి వెళ్లే పెట్టె. అప్పుడే పుట్టిన పిల్లల ఊపిరిని ఎప్పటికప్పుడు డిస్కులో రాసుకుంటుంది. మామూలుగా ఏది రాయమన్నా సిస్టం ముందు మెమరీలో ఉంచుకుని, తీరిక చూసుకుని డిస్కుకు పంపుతుంది. ఈలోగా కరెంటు పోతే ఆ చివరి ఊపిర్ల లెక్క గల్లంతే. డాక్టర్లకు కావలసింది సరిగ్గా అదే. అందుకే మెమరీ దగ్గర ఆగకుండా నేరుగా డిస్కు మీద రాసే దారి ఒకటి డ్రైవరులో పెట్టాను. అది ఇవాళ నిలబడకపోతే పాత పద్ధతితోనే పెట్టె పంపేస్తామని మా ఆఫీసు పెద్దాయన తేల్చి చెప్పేశారు. సాయంత్రం బండి వస్తుంది.

నా బల్ల మీద ఎన్నిసార్లు నడిపినా బాగానే ఉంది. వదిన బల్ల మీద మొదటిసారే బోర్లా పడింది.

"ఏవండీ ఆడపడుచుగారూ, మీరు రాసింది ఎక్కడుంది? ఇందులో నిన్నటి అంకెలే ఉన్నాయి."

"రాయడం అయిపోయిందని డిస్కు చెప్పింది కదా వదినా."

"చెప్తుంది. గిన్నెలు కడిగేశానని మీ అన్నయ్య కూడా చెప్తాడు."

పెద్దాయన వచ్చి మా వెనక నిలబడ్డారు. మళ్లీ నడిపాం. మళ్లీ నిన్నటి అంకెలే.

"పోనీలేమ్మా, పాతదే పంపిద్దాం" అన్నారాయన మెల్లగా. తిట్టినా బాగుండేది.

"ఒక్కసారి ప్లగ్గు పీకి చూద్దామండీ" అన్నాను.

"కరెంటు ఉండగానే కనబడనిది, పీకితే కనబడుతుందా?" అంది వదిన. అంటూనే వంగి తనే పీకింది.

ప్లగ్గు తిరిగి పెట్టగానే పెట్టె మళ్లీ లేచింది. వదిన ఫైలు తెరిచింది. ఇవాళ్టి అంకెలు! చివరి ఊపిరి దాకా ఉన్నాయి.

"కరెంటు పోతే తిరిగొచ్చే లెక్కని ఇప్పుడే చూస్తున్నాను" అన్నారు పెద్దాయన.

"వదినా, నడిపే ముందు నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తాను? లోపల ఏముందో ఒకసారి తెరిచి చూసుకుంటాను. చూడకుండా ఎవరైనా మొదలుపెడతారా?"

నేను ఒక్కసారి కూడా అలా చూడలేదు. ఆమె చూసినప్పుడు నిన్నటి అంకెల నకలు మెమరీలో చేరింది. నా రాత దాన్ని పలకరించకుండా పక్కనుంచి డిస్కులోకి వెళ్లిపోయింది. ఆమె మళ్లీ అడిగితే సిస్టం చేతికందిన పాత నకలే చూపించింది. కరెంటు తీసేసరికి నకలు పోయి, డిస్కులో ఉన్నది బయటపడింది.

అంటే ఏదీ పోలేదు. ఇంతసేపూ ఊపిర్లన్నీ డిస్కులోనే భద్రంగా ఉన్నాయి. ఒళ్లంతా ఒక్కసారి తేలికైపోయి కుర్చీలో వెనక్కి వాలిపోయాను.

నేరుగా రాసినప్పుడు ఆ చోటి పాత నకలును పారేయమని చెప్పాలి, అంతే. నాలుగు వరుసలు రాసి ఇచ్చాను. వదిన తన అలవాటు ప్రకారం ముందు చూసింది, నడిపింది, మళ్లీ చూసింది. ఇవాళ్టివే. ప్లగ్గు పీకి చూసింది. అప్పుడూ ఇవాళ్టివే.

"పంపించేయండి" అంది పెద్దాయనతో, కాస్త నిరాశగా.

బండి తలుపు మూసిన చప్పుడు వినిపించాకగానీ నా గొంతు ఎండిపోయిందని తెలియలేదు. వదిన తన నీళ్ల సీసా నా ముందుకు తోసింది.

"తాగు. ఏం మొహం అది, నేనేదో చంపబోయినట్టు!"

సీసా ఎత్తి మొత్తం తాగేశాను.