గొల్లభామ పిల్లలను వదిలిన పొద్దు

ఆమెను అందరూ కత్తక్క అనేవారు. భర్త పోయాక మాంసం కొట్టు తనే నడుపుకొస్తోంది. కీలు ఎక్కడుందో బొటనవేలితో తడిమి, కత్తి మొన పెట్టి ఒక్క తిప్పు తిప్పితే ఎముక దానంతటదే ఊడి వచ్చేది. బేరమాడేవాళ్ళు కూడా ఆమె కత్తి కింద పెట్టాకే నోరు తెరిచేవారు. మనిషి మాత్రం మెత్తన. కొట్టుకు సెలవైన రోజు పెరట్లో గులాబీలకు మట్టి ఎగదోస్తూ, చిక్కుడు తీగలను పందిరికి పాకిస్తూ పొద్దుపుచ్చేది.

ఆమెకు తనకంటే పద్నాలుగేళ్ళు చిన్నదైన చెల్లెలుంది. తల్లి పోయాక చంకనెత్తుకు పెంచిన పిల్ల. చదువుకుని బళ్ళో జీవశాస్త్రం టీచరైంది. డ్రైవింగ్ నేర్పే మనిషిని పెళ్ళి చేసుకుంది. స్టీరింగ్ పట్టుకుని వణికేవాళ్ళతో కూడా గొంతు పెంచకుండా మాట్లాడతాడని అతనికి మంచి పేరు. ఆ గొంతు ఇంట్లోనూ పెంచేవాడు కాదు. చెయ్యి లేచేది.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో చెల్లెలు రెండుసార్లు పెదవి చిట్లి అక్క దగ్గరకు వచ్చింది. రెండుసార్లూ కత్తక్క అన్నం పెట్టి, కాపడం పెట్టి, కాస్త సర్దుకుపొమ్మని చెప్పి తనే బస్సెక్కించింది. మూడోసారి చెల్లెలు ఊపిరి తీసుకోలేక ఒంగిపోయి వచ్చింది. బాత్రూములో జారానని డాక్టరుకు చెప్పింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి, విరిగిన రెండు పక్కటెముకలతో పాటు ఎప్పుడో విరిగి అతుక్కున్న మరో మూడింటిని వేలితో చూపించాడు. ఎముకల సంగతి కత్తక్కకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే వీధి తలుపుకు కొత్త తాళం వేయించింది. పెరటి గేటుకు మాత్రం గడియే ఉండిపోయింది.

చెల్లెలు నెమ్మదిగా కోలుకుంది. చిక్కుడు చిగుళ్ళకు పేనుబంక పట్టి నల్లగా ముడుచుకుపోతుంటే కత్తక్క మందు కొడదామంది. చెల్లెలు వద్దని, బడి ల్యాబు నుంచి ఒక గొల్లభామ గుడ్ల తిత్తి తెచ్చింది. పుల్లకు అంటుకుని గట్టిపడిన నురగలా ఉందది. పెద్ద గాజు జాడీలో నిలబెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి వంటింటి కిటికీలో పెట్టింది. ఇవి పుడుతూనే పేనుబంక మీద పడతాయని చెప్పింది. పురుగుకు పురుగును కాపలా పెట్టడమేమిటో కత్తక్కకు మింగుడుపడలేదు గానీ, చెల్లెలు మళ్ళీ ఏదో ఒకదాని గురించి మాట్లాడుతోందన్న సంతోషంతో సరేనంది.

తిత్తి తెచ్చిన ఐదో వారం, కొట్టుకు సెలవు రోజున, పొద్దున్నే చెల్లెలు అక్కను లేపింది. జాడీ నిండా పిల్లలు. చీమలకు పొడుగు కాళ్ళు మొలిచినట్టున్నాయి. తిత్తి నుంచి సన్నని దారాలకు వేలాడుతూ, గాజు మీద పాకుతూ, గుడ్డకు తలకిందులుగా పట్టుకుని రెండొందల దాకా ఉన్నాయి. అప్పుడే ఒకటి తన పక్కదాన్ని ముందుకాళ్ళతో బిగించి పట్టుకుని మెడ దగ్గర కొరుకుతోంది. పట్టుబడినది ఇంకా కాళ్ళాడిస్తోంది.

“ఆకలేస్తే వీటికి అన్నా చెల్లీ ఉండదక్కా. ఎండెక్కకముందే దూరం దూరంగా వదిలెయ్యాలి,” అంది చెల్లెలు.

ఇద్దరూ జాడీ తీసుకుని పెరట్లోకి నడిచారు. చెల్లెలు మెత్తటి రంగుల కుంచెతో ఒక్కో పిల్లనూ ఎక్కించుకుని ఆకు మీద దించుతోంది. గులాబీకి నాలుగు, చిక్కుడు తీగకు ఆరు. కుంచె తగిలినప్పుడల్లా అవి ముందుకాళ్ళు ఎత్తి ఎదురు తిరుగుతుంటే నవ్వింది కూడా. ఆ నవ్వు విని కత్తక్క మనసు కుదుటపడింది. కొట్టు బట్టలు నానబెట్టిన సంగతి గుర్తొచ్చి ఇంటి పక్కకు వెళ్ళింది.

బట్ట పిండుతుండగా గాజు పగిలిన చప్పుడైంది.

పరుగెత్తుకొచ్చేసరికి మరిది పెరట్లో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. జాడీ గోడకేసి కొట్టాడు. చెల్లెలి జుట్టు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని ఉన్నాడు. బండి బయట ఉంది, ఎక్కమని మామూలు గొంతుతోనే చెబుతున్నాడు. చెల్లెలు రానంది. కొత్తవాళ్ళకు గేరు మార్చి చూపించినంత నింపాదిగా ఆమె ముఖాన్ని కుళాయి దిమ్మకేసి కొట్టాడు. ఒకసారి. రానంది మళ్ళీ. ఇంకోసారి కొట్టాడు. రెండోసారి ముక్కు విరిగిన చప్పుడు కత్తక్క దాకా వినిపించింది.

“వదినా, మీరు మధ్యలోకి రాకండి. ఇది మా ఇంటి గొడవ,” అన్నాడు, తల తిప్పకుండానే.

కత్తులన్నీ కొట్టులో ఉన్నాయి. కత్తక్కకు అవేం గుర్తు రాలేదు. వెనక నుంచి వెళ్ళి, జుట్టు పట్టిన చేతిని మోచేతి పైన దొరకబుచ్చుకుంది. రెండో చేతి బొటనవేలు భుజం మీద కీలు సందును దానంతటదే వెతుక్కుంది. బరువంతా వేసి మెలిపెట్టింది. కొట్టులో రోజూ వినే చప్పుడే వచ్చింది. చెయ్యి గూటి నుంచి ఊడి వేలాడింది. అతని నోట అప్పుడు మొదటిసారి కేక వచ్చింది. ఆ కేక ఆమెకు బావుందనిపించింది. తర్వాత ఎన్నాళ్ళో ఆమెను పీడించింది అదే.

అతను మోకాళ్ళ మీద కూలబడి, ఎడమ చేతికి దొరికిన గాజు పెంకుతో వెనక్కి విసిరాడు. ఆమె ముంజేయి మణికట్టు నుంచి మోచేతి దాకా చీరుకుపోయింది. రెండోసారి విసరబోయాడు గానీ కుదరలేదు. చెల్లెలు పార అందుకుంది.

మొదటి దెబ్బకు పెంకు ఎగిరిపోయింది. రెండోది దవడ మీద పడింది. అతను పక్కకు ఒరిగి నేల కరిచాడు. ఇక లేచే స్థితిలో లేడు. చెల్లెలు ఆగలేదు. ముక్కు నుంచి కారే నెత్తురును ముంజేత్తో తుడుచుకుని, మట్టిలో గుంట తీసేటప్పుడు నిలబడినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, పార తిరగేసి మోకాలి మీద కొట్టింది. మళ్ళీ అక్కడే కొట్టింది. అరవలేదు, తిట్టలేదు. చిప్ప నలిగిపోయిందని చప్పుడును బట్టి కత్తక్కకు తెలిసింది. నాలుగో దెబ్బ తర్వాత పార గురి అతని తల వైపు జరగడం చూసి, వెనక నుంచి చెల్లెల్ని వాటేసుకుంది. చెల్లెలు ఆమె చేతి మీద, కోసుకుపోయిన చోటే, పళ్ళు దిగేలా కొరికింది. కత్తక్క వదల్లేదు. చంకనెత్తుకు పెంచిన పిల్లలో ఇంత బలముందని ఆమెకు తెలియదు. ఇద్దరూ పారతో సహా చిక్కుడు పందిరి కింద పడ్డారు. అక్కడ చెల్లెలి ఒళ్ళు వదులైంది.

ఎదురింటివాళ్ళు అప్పటికే ఫోన్ చేశారు. అంబులెన్సు వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచక, గోడ కింద పడి ఉన్న జాడీ మూతి గుడ్డను కత్తక్క ఎత్తింది. దాన్ని పట్టుకుని ఇంకా నలభై పిల్లల దాకా ఉన్నాయి. నెత్తురు చేత్తోనే దాన్ని తీగకు తగిలించింది. ఆ తర్వాత చెల్లెలి పక్కన కూర్చుని, చేతులు కడుక్కుని లోపలికి పొమ్మంది. అంతా తనే చేశానని చెబుతానని, తన చేతులు చూస్తే ఎవరైనా నమ్ముతారని మెల్లగా చెప్పింది.

చెల్లెలు వాచిన ముఖం ఎత్తింది. “ఇన్నేళ్ళూ వాడు చేసిందంతా నేనే చేసుకున్నానని చెప్పాను. ఇప్పుడు నేను చేసింది నువ్వు చేశానంటావా? వద్దక్కా. ఇది నాది.”

పోలీసులకు ఆమె అలాగే చెప్పింది. ఎన్ని దెబ్బలో కూడా లెక్క తప్పకుండా చెప్పింది. రాసుకుంటున్న ఇన్‌స్పెక్టరు, గొల్లభామల్లో ఆడది మగదాన్ని తినేస్తుందట కదా అని నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో కలం సరిచేసుకున్నాడు.

మరిది బతికాడు. దవడకు తీగలు చుట్టారు, మోకాలికి ఇనుప కడ్డీ వేశారు. మళ్ళీ క్లచ్ తొక్కే యోగం లేకపోయింది. పాత ఎముకల ఫిల్ములు చూసి జడ్జి అతనికి రెండేళ్ళు వేశాడు. కత్తక్కను వదిలేశాడు. చెల్లెలి మొదటి రెండు దెబ్బలూ ప్రాణం కాపాడుకోవడానికే అని ఒప్పుకుని, మనిషి నేల మీద పడ్డాక వేసిన రెండింటికి ఎనిమిది నెలలు వేశాడు. అందుకు కత్తక్క కోర్టు వరండాలో కూలబడి ఏడ్చింది. చెల్లెలు ఏడవలేదు.

ఆ ఎనిమిది నెలలూ కొట్టులో జబ్బ ముక్క ఎముకతోనే అమ్మింది కత్తక్క. కీలు విడదీయబోతే చెయ్యి ఆగిపోయేది. ఎవరైనా అడిగితే ఎముకతోనే రుచి అనేసేది. వారానికోసారి జైలుకు వెళ్ళి, కటకటాల అవతల కూర్చున్న చెల్లెలికి పెరటి కబుర్లు చెప్పేది. తనే రెండుసార్లు బస్సెక్కించి పంపిన సంగతి మాత్రం ఎత్తలేకపోయేది. ఒకసారి ఎత్తింది. చెల్లెలు ఆ సంగతి మర్చిపోవడం తన వల్ల కాదని, అయినా వచ్చే వారం రమ్మని చెప్పింది.

విడుదలై వచ్చాక బడిలో ఉద్యోగం లేదు. చెల్లెలు ఇంట్లోనే పదిమందికి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ముక్కు కాస్త వంకరగా అతుక్కుంది. మాట మునుపటికంటే తగ్గింది, ఆకలి పెరిగింది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. చెల్లెలు నీళ్ళ చెంబు కోసం గబుక్కున చెయ్యి చాపితే, కత్తక్క భుజం తనకు తెలియకుండానే వెనక్కి జరిగింది.

చెల్లెలు చూసింది. “నేనంటే భయమా అక్కా?”

అబద్ధం చెప్పబోయి కత్తక్క మానుకుంది. “కొంచెం.”

“నేనంటే నాకూ అంతే,” అంది చెల్లెలు. చెంబు అందుకుని, ముందు అక్క గ్లాసులో నీళ్ళు పోసింది.