ఎర్ర బిళ్లలు, నీలం బిళ్లలు

ఆ పిల్ల పడటం నేను కళ్లారా చూశాను. ఎనిమిదడుగుల చెక్క చెట్టు మీద నుంచి, గుడ్డ రెక్కలతో సహా, కేక కూడా వేయకుండా పడింది. పడిన రెండు గంటలకే, అల్లరి చేసి పడిందని రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టాను. ఇందాక మీరు నన్ను పోరాట యోధురాలని పరిచయం చేసి చప్పట్లు కొట్టారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. యూనియన్ అన్నలూ, అక్కలూ, కాలేజీ పిల్లలూ, ముందు ఆ సంతకం సంగతి వినండి. చప్పట్ల సంగతి తర్వాత చూద్దాం.

నాది పిల్లల కాపలా పని. పిల్లలు వేషం వేసే ప్రతి నాటకానికీ ఒక కాపలా మనిషి ఉండాలని చట్టం ఉంది. పిల్ల ఎప్పుడొచ్చింది, తిన్నదా, పడుకుందా, ఎవరి చెయ్యి పట్టుకుని ఇంటికెళ్లింది, ఇవన్నీ ఆ మనిషి చూసుకోవాలి. నేను ముప్పై ఏళ్లు నాటకాల బట్టలు కుట్టాను. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేని స్థితికి వచ్చాక, థియేటరు పక్క గుమ్మం దగ్గర ఈ కుర్చీ ఇచ్చారు. పిల్లలు నన్ను పెద్దమ్మా అని పిలిచేవాళ్లు. వాళ్లను చూసి తల్లులూ అలాగే పిలిచేవాళ్లు. ఆ పిలుపంటే నాకు ప్రాణం.

మా ఆటలో పిల్లలు పక్షులు. రోజుకు రెండు ఆటలు. ఒక పిల్ల రోజుకి ఒక్క ఆటే ఆడాలి కాబట్టి రెండు జట్లు పెట్టారు. మధ్యాహ్నం ఎర్ర జట్టు, సాయంత్రం నీలం జట్టు. జట్టుకి తొమ్మిది మంది. గోడకి చెక్క పలక బిగించి, పద్దెనిమిది మేకులు కొట్టి, మేకుకొక నంబరు బిళ్ల తగిలించాం. పిల్ల లోపలికి రాగానే తన బిళ్ల తీసి చొక్కాకి పెట్టుకోవాలి. వెళ్లేటప్పుడు మళ్లీ మేకుకి తగిలించాలి. నేను కుర్చీలోంచి లేవకుండానే మేకులు చూసి లెక్క చెప్పేదాన్ని. ఖాళీ మేకులు తొమ్మిది, లోపల పిల్లలు తొమ్మిది. ఇంత సుఖమైన పద్ధతి ఏ మహానుభావుడు కనిపెట్టాడా అనుకుంటున్నారేమో. నేనే.

రెండో నెలలో నీలం జట్టు రావడం మానేసింది. వేరే ఆటలో చేరిపోయారన్నాడు మేనేజరు. అతనికి మేం పెట్టుకున్న పేరు నవ్వులాయన. మనిషిని పనిలోంచి తీసేసేటప్పుడు కూడా నవ్వుతూనే తీసేస్తాడు. ఆ రోజు నుంచి ఎర్ర జట్టు పిల్లలే ఆట అవగానే వెనక గుమ్మంలోంచి బయటికెళ్లి, చుట్టూ తిరిగి నా గుమ్మంలోంచి లోపలికొచ్చి, నీలం బిళ్లలు పెట్టుకునేవాళ్లు.

"పిల్లలు వాళ్లేనండీ," అన్నాను.

"బిళ్లలు సరిగ్గా ఉన్నాయా పెద్దమ్మా?"

"ఉన్నాయి."

"మరింకేం. మీ పని అదేగా."

నోరు మూసుకున్నాను. కుర్చీ పోతుందని భయం. తల్లులతో నవ్వులాయన ఒక్క వారం సర్దుకోమన్నాడు, మీకు కుదరకపోతే బయట నలభై మంది ఎదురుచూస్తున్నారన్నాడు. వాళ్లూ నోరు మూసుకున్నారు. వారం కాస్తా నెలైంది.

అలా బిళ్లలు మార్చిన మొదటి రోజు బటాణి నా దగ్గరికొచ్చింది. అది మా ఇస్త్రీ ఆవిడ కూతురు. ఎనిమిదేళ్లది. జట్టులో అందరికంటే చిన్నది కాబట్టి ఆ పేరు. వాళ్లమ్మ ఆ థియేటరు పైగదిలోనే పక్షుల రెక్కలు ఇస్త్రీ చేసేది.

"పెద్దమ్మా, ఇప్పుడు నేను ఎర్ర ఏడునా, నీలం ఏడునా?"

"నీలం ఏడువి."

"మరి ఎర్ర ఏడు ఏమైంది?"

"ఇంటికెళ్లి పడుకుంది," అన్నాను. ఏదో తమాషా చేశాననుకున్నాను.

"దాని పనే బాగుంది," అంది బటాణి.

పడిన రోజు సెలవు రోజు. జనం ఎక్కువని మూడు ఆటలు వేశారు. ఆఖరి ఆటలో, ఆఖరి పాటకి, చెట్టు పైకొమ్మ మీద బటాణి ఒక్కతే కదలకుండా కూర్చోవాలి. నేను స్టేజీ పక్కన నిలబడి ఉన్నాను. దాని తల వాలడం చూశాను. ఒకసారి వాలి లేచింది. మళ్లీ వాలింది. పేరు పెట్టి పిలవొచ్చు. కానీ పిలిస్తే జనానికి వినిపిస్తుందని ఆగాను. ఆ ఆగడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగిందని చెప్పారు. "ఈ పిల్ల పడేటప్పుడు మెలకువగా లేదు. మెలకువ ఉంటే చేతులు అడ్డం పెట్టుకునేది. చేతులకి చిన్న గీత కూడా లేదు," అంది డాక్టరమ్మ. నా వైపు చూసే అంది.

వరండాలో నవ్వులాయన కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"చట్టం ప్రకారం పిల్లలకి మీరే బాధ్యులు పెద్దమ్మా. నిద్రలో పడిందంటే ముందు పట్టుకునేది మిమ్మల్నే. అల్లరి చేసి పడిందంటే ఎవరికీ ఏమీ ఉండదు. మీ మంచికే చెప్తున్నాను."

సంతకం పెట్టేశాను. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. చదివితే పెట్టలేనని చదవలేదు.

మర్నాడు అదే కాగితం ఇస్త్రీ ఆవిడకి చూపించి, మీ పిల్లదే తప్పని చెప్పి పంపారు. ఆమె నేరుగా నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"మా బటాణి అల్లరి చేసిందా పెద్దమ్మా?"

నేను మేకుల పలక వైపు చూశాను.

"అక్కడ నువ్వే ఉన్నావు. చేసిందా?"

"లేదమ్మా."

"మరి ఆ సంతకం ఎవరిది?"

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పైగదిలో అందరూ ఉన్నారు. వచ్చి వాళ్లకి చెప్పు," అని ముందు నడిచింది.

ఇస్త్రీ గదిలో పాతిక మంది ఉన్నారు. బట్టలు కుట్టేవాళ్లు, దీపాల వాళ్లు, చెట్లూ కొండలూ మోసేవాళ్లు, ఎర్ర జట్టు తల్లిదండ్రులు. తెర తాళ్లు లాగే ముసలాయన, మేమంతా తాళ్ల తాత అనే మనిషి, కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. కొన్నాళ్లుగా థియేటరు వైపు రాని మనిషి ఒకామె బస్సు కండక్టరు బట్టల్లో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నీలం జట్టులో ఒక పిల్ల తల్లి. ఇస్త్రీ ఆవిడే వెతికి పిలిపించింది.

వాదన అప్పటికే ముదిరింది.

"ఆట ఆపేస్తే మా వాడికి మళ్లీ అవకాశం ఎవడిస్తాడు?" అంటోంది ఎర్ర జట్టులో ఒక తల్లి. "పడింది ఒక్క పిల్ల. ఎవరైనా కావాలని తోశారా?"

"తోయలేదమ్మా," అన్నాడు తాత. "తోస్తే వాడి చెయ్యి పట్టుకునేవాళ్లం. మనందరం కలిసి ఎక్కించాం, అదీ గొడవ. ఆ చెట్టుని స్టేజీ మీదకి లాగే తాడు నాదే."

"నీతులు చెప్పడం తేలిక తాతా. నీకు పిల్లలు లేరు."

"లేరు. అందుకే నిద్రపడుతోందనుకున్నావా?"

అప్పుడు కండక్టరు మాట్లాడింది. "మా పిల్లలు ఎందుకు మానేశారని మీకు చెప్పారు?"

"వేరే ఆటలో చేరారన్నారు."

"మాకేం చెప్పారో తెలుసా? మీ పిల్లలకి ఆడటం రాదు, జనం నవ్విపోతున్నారన్నారు. మా అమ్మాయి అద్దం ముందుకే వెళ్లడం లేదు. ఎర్ర జట్టు వాళ్లు మా చోటు కాజేశారని మేం ఇన్నాళ్లూ మిమ్మల్ని తిట్టుకున్నాం."

అవకాశం గురించి మాట్లాడిన తల్లి నేలచూపులు చూసింది. "మా వాడు పొద్దున లేవలేక ఏడుస్తాడు," అంది. "నేనే లేపి మొహం కడిగి పంపేదాన్ని."

"మీ అందరికంటే పాపం నాది," అన్నాను నేను.

లేచి నిలబడ్డాను. సంతకం సంగతి వాళ్లకి తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. పది రోజుల కింద తనిఖీ ఆఫీసరు వచ్చాడు. సాయంత్రం ఆట ముందు వచ్చి పలక చూశాడు. ఎర్ర బిళ్లలన్నీ మేకులకే ఉన్నాయి, నీలం బిళ్లలు పిల్లల చొక్కాలకి ఉన్నాయి. అంతా సవ్యంగానే ఉంది. అయినా అతనికేదో అనుమానం వచ్చింది. వంగి బటాణిని అడిగాడు, మధ్యాహ్నం కూడా ఆడావా పాపా అని. అది అతనికి చెప్పలేదు. నా వైపు చూసింది. పెద్దమ్మ చెప్తుందని చూసింది. నేను నవ్వి, లేదు సార్, ఇది నీలం జట్టు పిల్ల అన్నాను. అతను నమ్మి వెళ్లిపోయాడు.

"ఆ రోజు నేను ఒక్క మాట అని ఉంటే బటాణి పడేది కాదు," అన్నాను.

ఇస్త్రీ ఆవిడ గోడ వైపు తిరిగింది. ఎవరో వెక్కారు. నన్ను ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చకపోవడమే న్యాయం.

తర్వాత మాట్లాడుకున్నవి కోరికలు. ఒక పిల్లకి ఒక్క ఆట. నీలం జట్టు పిల్లల్ని వెనక్కి తీసుకోవాలి, వాళ్లతో తప్పు మాట అన్నామని పిల్లల ముందే ఒప్పుకోవాలి. ఆ దొంగ కాగితం చించాలి. కాపలా మనిషిని ఈ ఆట నడిపే కాంట్రాక్టరు పెట్టకూడదు, తల్లిదండ్రులూ పనివాళ్లూ కలిసి పెట్టుకోవాలి. ఇవి ఒప్పుకునేదాకా తెర లేవదు.

"ఆ కాపలా మనిషి మాత్రం ఈమె కాకూడదు," అంది ఇస్త్రీ ఆవిడ, నా వైపు చూడకుండా.

"ఉండనమ్మా," అన్నాను.

"ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెడితే నిన్ను లోపలేస్తారు. తెలుసుగా?" అని అడిగాడు తాత.

"తెలుసు."

ఈసారి కళ్లజోడు పెట్టుకుని రాశాను.

ఆదివారం మధ్యాహ్నం ఆటకి హాలు నిండింది. గంట మోగింది. తెర లేవలేదు. తాత తాళ్ల పక్కనే పీట మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నవ్వులాయన వచ్చి బతిమాలాడు, బెదిరించాడు. "చేతులు పట్టుకుపోయాయి బాబూ, నువ్వు లాగు," అన్నాడు తాత. ఆయన లాగబోయాడు. అరిచేతులు ఒరుసుకుపోయాయి గానీ తెర జానెడు కూడా లేవలేదు. దీపాల వాళ్లు ఆ రోజు మొదటిసారి నవ్వారు.

తల్లులు, తండ్రులు, పనివాళ్లు, రెండు జట్ల పిల్లలు తెర ముందు, స్టేజీ అంచు మీద వరసగా కూర్చున్నారు. నేను నిలబడి జనానికి చెప్పాను. మీరు చూస్తున్న నీలం పక్షులూ ఎర్ర పక్షులూ ఒకళ్లేనని, ఒక పిల్ల నిద్రలో పడిందని, నేను అబద్ధం రాశానని చెప్పాను.

"మా పిల్లల్ని ఆట చూపిస్తామని తీసుకొచ్చాం, మీ గోలేంటి?" అని వెనక వరసలోంచి ఒకాయన అరిచాడు.

"ఆ పిల్లలు నీ పిల్లల వయసు వాళ్లేనయ్యా," అంది కండక్టరు.

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. పక్కనే కూర్చున్న ఆయన కూతురు లేచి నిలబడి, "నాన్నా, పడిన అమ్మాయి ఎక్కడుంది?" అని అడిగింది. ఆయన కూర్చుండిపోయాడు. కొందరు విసుక్కుంటూ వెళ్లిపోయారు. చాలామంది మాత్రం కదల్లేదు. పోలీసులు వచ్చేసరికి ముందు వరసల వాళ్లు స్టేజీ ఎక్కి మా పక్కన కూర్చున్నారు.

కాంట్రాక్టరుని నేను మొదటిసారి చూసింది ఆ రోజే. ఇన్‌స్పెక్టరు చేతిలో నా కాపలా పుస్తకాలు పెట్టాడు. ప్రతి పేజీలో నా సంతకమే, అతనిదీ మేనేజరుదీ ఒక్కటీ లేదు. చట్టం చేతికి దొరికింది నేనొక్కదాన్నే.

స్టేషన్లో నవ్వులాయన నా ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. "తల్లులే మీ కళ్లు గప్పి బిళ్లలు మార్చారని ఒక్క ముక్క రాయండి పెద్దమ్మా. రాత్రికి ఇంట్లో ఉంటారు."

"మొన్న కూడా నా మంచికే చెప్పావు బాబూ," అన్నాను. "ఇంక నా మంచి నువ్వు చూడొద్దు."

ఆయన నవ్వలేదు.

నలభై రోజులు లోపలున్నాను. కేసు ఇంకా నడుస్తోంది. శిక్ష పడితే పడనీయండి, చేసింది నేను. బయట మాత్రం ఆట పదకొండు రోజులు ఆగింది. పన్నెండో రోజు కాంట్రాక్టరు కాగితం చించాడు, నీలం జట్టు వెనక్కి వచ్చింది, కాపలాకి కండక్టరు వాళ్ల అక్కని అందరూ చేతులెత్తి ఎన్నుకున్నారు. బటాణి ఊతకర్రతో నడుస్తోంది. ముందులా నడుస్తుందో లేదో డాక్టరమ్మ చెప్పలేదు. నేను చూడ్డానికి వెళ్లాను. గుమ్మం దాకా వెళ్లి, లోపలికి వెళ్లే మొహం లేక తిరిగొచ్చేశాను.

అదే కాంట్రాక్టరు నదికి అవతల కొత్త ఆట మొదలుపెట్టాడు. అక్కడ పన్నెండు మంది పిల్లలు, ఒకటే జట్టు, రోజుకి మూడు ఆటలు. కాపలాకి నాలాంటి ఇంకో ముసలామెని పెట్టాడు. నిన్న ఆమెతో మాట్లాడాను. భయపడుతోంది. ఆమెని తిట్టకండి, ఆమె పక్కన నిలబడండి.

ఎల్లుండి మధ్యాహ్నం రెండు గంటలకి ఆ థియేటరు పక్క గుమ్మం ముందు ఉంటాం. తాత వస్తాడు. కండక్టర్ల యూనియన్ వస్తానంది. బటాణి వాళ్లమ్మ కూడా వస్తుంది. ఆమె నాతో మాట్లాడదు. అయినా వస్తుంది.