నిలిచిన గాలి

"తుపాకి నింపి పెట్టు మెలేరీ, చీకటి పడేలోపు కోళ్ల షెడ్ల వైపు ఓసారి వెళ్లొస్తా," అంటూ హెడ్విన్ గాలి తుపాకిని వంటింటి గోడకు ఆనించి టీ కప్పు అందుకున్నాడు.

మెలేరి చేతిలో సగం తొక్క తీసిన బంగాళాదుంప ఉంది. దాన్ని నీళ్లలో వదిలేసి, చేతులు తుడుచుకుని, తుపాకినీ, పెరటి తలుపు పక్కనున్న పంపునూ తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఆ పంపు సైకిల్ పంపుకు పెద్దన్నలా ఉంటుంది. అడుగున రెండు పాదాలూ పెట్టుకునే రేకు, పైన రెండు చేతులతో పట్టుకునే పిడి. మొదట్లో మెత్తగానే దిగుతుంది. తుపాకి మీదున్న మీటరు ముల్లు పైకి పోయేకొద్దీ మొరాయిస్తుంది. చివరికొచ్చేసరికి, అడుగు వేయనని మొండికేసిన ఆవును కొట్టంలోకి నెట్టినట్టు, ఒళ్లంతా పిడి మీద వాల్చి నెట్టాలి. వేడెక్కితే ఆగి చల్లారనివ్వాలి. ఆమె ఆగినప్పుడల్లా లోపలి నుంచి "అయిందా?" అని వినిపిస్తుంది.

ట్రెయిలర్ మీంచి జారిపడ్డప్పటి నుంచి హెడ్విన్ నడుము పంపు కొట్టడానికి వంగదు. ఆ మాట అబద్ధం కాదు. కానీ అదే నడుము ఎలుకల కోసం గడ్డిబస్తాల వెనక గంటసేపు నక్కి కూర్చోవడానికి వంగుతుంది. పబ్బులో బల్ల మీద వాలి ఆ ఎలుకల కథ చెప్పడానికీ వంగుతుంది. "నిన్న ఒక్క సాయంత్రంలో బస్తాడు ఎలుకలు!" అని అతను అంటే వేల్స్‌లోని ఆ రాడ్నర్ కొండల్లో సగం మంది రైతులు అతని భుజం తట్టి ఇంకో గ్లాసు ఇప్పిస్తారు. ఆ కథలో తుపాకి ఉంటుంది, గురి ఉంటుంది, వాన కూడా ఉంటుంది. పంపు మాత్రం ఉండదు.

పొయ్యి పక్క కుర్చీలో మేజోళ్లు అల్లుకుంటూ అత్త బ్లోడ్వెన్ కిటికీలోంచి చూస్తుండేది. "మంచిదేలే అమ్మాయ్, చేతుల కొవ్వు కరుగుతుంది," అనేది. కాసేపాగి, "మా కాలంలో పిల్లులుండేవి. వాటికెవరూ గాలి కొట్టక్కర్లేకపోయేది," అని ఇంకోటి విసిరేది. మెలేరి నవ్వేది. ఆ మాటల్లో విషం లేదని ఆమెకు తెలుసు. ముల్లుంది, అంతే. అయినా పిడి నొక్కుతున్నంతసేపూ మనసు దాని దారిన అది నడుస్తూనే ఉండేది. పొద్దున లేస్తే కోళ్ల మేత తొట్లు నింపాలి, నీళ్ల తొట్లు నింపాలి, గుడ్ల అట్టలు నింపి వ్యానులో పెట్టాలి, కెటిల్ నింపాలి, హెడ్విన్ పొలానికి పట్టుకెళ్లే ఫ్లాస్కు నింపాలి, అత్త పాదాల కింద పెట్టే వేణ్ణీళ్ల రబ్బరు సంచి నింపాలి. రాత్రికి అన్నీ ఖాళీ. మర్నాడు మళ్లీ మొదలు. నింపడం అనేది ఒక పని అని ఎవరికీ తోచదు, ఎందుకంటే వాళ్లు చూసేసరికి అవి ఎప్పుడూ నిండే ఉంటాయి. ఖాళీగా కనబడ్డ రోజు మాత్రం ఆమె పేరు గుర్తొస్తుంది. పెళ్లయిన కొత్తలో దీనికి కోపం వచ్చేది. తర్వాత అలసట వచ్చేది. ఈమధ్య ఏదీ రావడం లేదు, చేతులు వాటంతటవే కదులుతున్నాయి. అదే ఆమెను కాస్త భయపెట్టింది.

ఆ శీతాకాలం మొదట్లో తుపాకి గాలి నిలుపుకోవడం మానేసింది. సాయంత్రం నిండుగా నింపితే పొద్దుటికి ముల్లు సగానికి దిగిపోయేది. హెడ్విన్ రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు టోస్టు నములుతూ తేల్చేశాడు.

"నువ్వే ఏదో చేశావు. మరీ గట్టిగా కొట్టుంటావు."

"గీత దాటి ఎప్పుడూ కొట్టలేదు. గాలి గొట్టం మీద ఎంతని రాసుందో అంతే."

"అయితే మెల్లిగా కొట్టుంటావు."

గట్టిగా కొట్టినా తప్పే, మెల్లిగా కొట్టినా తప్పే. మెలేరి వెన్న డబ్బా మూత పెట్టేసింది. ఆ నింద ఆమెకు కొత్త కాదు. పులుసు పలచనైతే ఆమె, పాలు విరిగితే ఆమె, వాన పడితే బట్టలు బయట ఉంచినందుకు ఆమె.

మధ్యాహ్నం గుడ్లు తుడుస్తుంటే పనిముట్ల కొట్లోంచి ఇనుము మీద ఇనుము గీసుకున్న చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే హెడ్విన్ తుపాకిని బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, గాలి గొట్టం మూతకు పెద్ద స్పానర్ తగిలించి, దాని మీదికి వాలుతున్నాడు. పక్కన రంపానికి వేసే నూనె డబ్బా మూత తీసుంది. మీటరు ముల్లు ఇంకా సగం దగ్గరే ఉంది.

మెలేరి ఏమీ ఆలోచించలేదు. వెళ్లి స్పానర్ మీద చెయ్యేసింది.

"తిప్పకు."

"అడ్డు లే. రింగేదో అరిగుంటుంది, ఓ చుక్క నూనె వేస్తే..."

"అందులో గాలుంది, హెడ్విన్."

"సగమేగా! ఎలుకల తుపాకే తల్లీ, బాంబు కాదు."

"ఆ సగం ఎంతో నీకు తెలీదు. నాకు తెలుసు. కొట్టింది నేను." ఆమె గొంతు పెరగలేదు. "ఆ మూత ఊడితే నీ మొహం మీదికే వస్తుంది. వదులు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఆమె 'వదులు' అన్న మాట అనడం వినలేదేమో, స్పానర్ వదిలాడు. మెలేరి తుపాకిలో గుండు లేదని తెరిచి చూసుకుని, వైసు విప్పి, దాన్ని సంచిలో పెట్టి, గుడ్ల వ్యాను వెనక సర్దింది. బండి తీసి పెద్ద రోడ్డెక్కించింది.

ఆమె గుడ్లు అందించే దుకాణాల్లో ఒకటి నైటన్ ఊళ్లో ఉన్న దాణా కొట్టు. దాని వెనక షెడ్డులో థెల్మా అనే ఆవిడ గాలి తుపాకులు బాగు చేస్తుంది. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మగాళ్ల స్వెటరు. వయసులో ఉన్నప్పుడు మిల్ఫర్డ్ రేవులో సముద్రంలోకి దిగేవాళ్ల సిలిండర్లకు గాలి నింపేది. మెలేరి జరిగింది చెబితే ఆవిడ మొదట అడిగింది ఒకటే.

"నూనె వేశాడా?"

"వెయ్యబోతుంటే ఆపాను."

"బతికించావు. అంత ఒత్తిడిలో ఉన్న గాలికి నూనె తగిలితే డీజిల్ ఇంజన్లో అంటుకున్నట్టు అంటుకుంటుంది. మిల్ఫర్డ్‌లో ఒక కుర్రాడి చెయ్యి పోయింది దాంతోనే." థెల్మా తుపాకిని చేతిలోకి తీసుకుని, గుండు లేదని తనూ ఓసారి చూసుకుంది. "సరే, దీన్ని పేల్చేదెవరు?"

"మా ఆయన."

"గాలి నింపేది?"

"నేను."

"హమ్మయ్య, మా ఇంట్లో మాత్రమే కాదన్నమాట!" అని థెల్మా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు తగ్గాక, "నేను బాగు చేసిస్తే పది నిమిషాల పని. నువ్వే చేస్తానంటే ఈ మధ్యాహ్నం పడుతుంది. ఏమంటావు?" అంది.

ఇంటి దగ్గర పులుసు పొయ్యి మీద పెట్టలేదు. అత్తకు మందు వేసే వేళ దాటుతోంది. మెలేరి కొట్టులోంచి ఇంటికి ఫోన్ చేసి, మందు ఏ అలమారలో ఉందో హెడ్విన్‌కు చెప్పి, కోటు విప్పింది.

థెల్మా ముందు కళ్లద్దాలు పెట్టించింది. ఒక బ్రష్షూ, సబ్బు నీళ్లూ ఇచ్చింది. "గాలుండగా మన పని చూడటమే, ముట్టుకోవడం కాదు. ఎక్కడ బుడగలొస్తాయో చూడు." గాలి ఎక్కించే రంధ్రం దగ్గర సబ్బు నురగ చిన్నగా ఉబ్బి పగిలి మళ్లీ ఉబ్బింది. దొంగ దొరికాడు. తర్వాత ఆ తుపాకి చేసినవాళ్ల పుస్తకం తీసి, గాలి వదలడానికి వేరే ఉన్న చిన్న మరను చూపించింది. మొహమూ చేతులూ దానికి ఎదురు లేకుండా పక్కకు నిలబడి, మెలేరి దాన్ని కొంచెం కొంచెంగా తిప్పింది. బుస్సుమంటూ గాలి పోయింది. మీటరు సున్నాకు వచ్చింది.

"ఇంక విప్పొచ్చా?"

"మీటరు అబద్ధమాడొచ్చమ్మా. అది చెప్పిందని నమ్మెయ్యకు. మర తెరిచే ఉంచు, చెవి పెట్టు. చప్పుడు పూర్తిగా ఆగాలి, ఆగి కాసేపవ్వాలి. అనుమానం ఉన్నంతసేపూ లోపల గాలున్నట్టే."

విప్పితే లోపల నల్లటి రబ్బరు రింగు, దాని మీద ఇసుక రేణువు కోసిన గాటు. గాలి ఎక్కించే రంధ్రంలో దుమ్ము పడకుండా ఉండాల్సిన చిన్న మూత ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. హెడ్విన్ తుపాకిని అలాగే మేత బస్తాల మీద పడేసేవాడు. మెలేరి ఆ రింగును చెక్కపుల్లతో లేపి తీసింది. సూదితో తీస్తే ఇనుము గీరుకుపోతుందని థెల్మా ఆపింది. మెలేరే గాడి శుభ్రంగా తుడిచి, కొత్త రింగుకు వేలి కొసతో, ఆ నూనెలా అంటుకోని సిలికాన్ గ్రీజు రాసి కూర్చోబెట్టింది. "లోపలి వాల్వుల జోలికి మాత్రం ఇప్పుడే పోకు. గాలి గొట్టం మీద సొట్ట గానీ పగులు గానీ కనబడితే అసలు బాగు చెయ్యొద్దు, అవతల పెట్టెయ్. ఏది ముట్టుకోకూడదో తెలిసినవాళ్లే ఈ పనికి పనికొస్తారు," అంది థెల్మా.

తిరిగి గాలి ఎక్కించడం కూడా ఒక్కసారి కాదు. మెల్లిగా సగం నింపి, ఆగి, సబ్బు నీళ్లు రాసి చూసి, అప్పుడు మిగతాది. అది ఎప్పుడూ చేసే పనే. ఆ మధ్యాహ్నం మాత్రం పిడి నొక్కుతుంటే గాలి ఎక్కడికి పోతోందో, దేన్ని ఒరుసుకుంటోందో, ఏ రింగు దాన్ని ఆపుతోందో ఆమెకు కళ్లకు కట్టినట్టు తెలిసింది. ఇంతకాలం మూసిన తలుపు బయట నిలబడి సామాను అందించినట్టు నింపింది. ఇవాళ గది లోపలికి వెళ్లొచ్చింది.

మర్నాడు కెటిల్ కూడా పెట్టకుండా వెళ్లి ముల్లు చూసింది. నిన్న ఎక్కడ వదిలిందో అక్కడే ఉంది. ఆ మర్నాడూ అక్కడే. తను నింపినది ఒకటి తెల్లారేసరికి నిండుగా ఉండటం ఆ ఇంట్లో అదే మొదటిసారి. చల్లటి పనిముట్ల కొట్లో పైజమా మీద కోటేసుకుని నిలబడి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న ధ్యాస కూడా లేకుండా, ఆమె నవ్వుకుంది.

"బాగు చేశాం," అన్నాడు హెడ్విన్ పబ్బులో. ఆ మాట వీధి చివరిదాకా తిరిగి ఆమె చెవిన పడింది. ఆ 'చేశాం'లో అతను ఎంత సునాయాసంగా దూరిపోయాడో చూసి ఆమెకు కోపం బదులు జాలి వేసింది. ఆ సబ్బు బుడగ ఉబ్బడం అతను చూడలేదు పాపం.

ఇంట్లో ఆ పనిని పట్టించుకున్నది ఎవరూ ఊహించని మనిషి. ఒక సాయంత్రం మెలేరి పాత రింగును బల్ల మీద పెట్టి చూస్తుంటే బ్లోడ్వెన్ అల్లిక పక్కన పెట్టి చెయ్యి చాపింది. ఆ రింగును వెలుతురుకు పెట్టి, చుట్టూ తిప్పి, గాటు దగ్గర గోరు ఆపింది.

"ఇదిగో, ఇక్కడ."

"మీకెలా కనబడింది అత్తయ్యా?"

"మా నాన్నకు కొడుకుల్లేరు. ట్రాక్టర్ పంపు విప్పినా, బిగించినా నేనే. పంతొమ్మిదేళ్లకే మా లోయలో నా అంత బాగా విప్పేవాళ్లు లేరు." ముసలావిడ రింగును జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "పెళ్లయ్యాక ఈ ఇంట్లో ట్రాక్టర్ కదలకుండా పడుంటే కిటికీలోంచి చూసేదాన్ని. నీకు వచ్చా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

ఆ కిటికీలోంచే ఆవిడ ఇన్నేళ్లూ తనను చూస్తోందని మెలేరికి తట్టింది. లేచి రెండు కప్పుల టీ పెట్టింది. హెడ్విన్ కోసం మూడో కప్పు పెట్టాలని గుర్తుకే రాలేదు.

తర్వాతి గురువారం, దీపాలు పెట్టే వేళకు, పక్క పొలం గెథిన్ తన తుపాకి చంకన పెట్టుకుని వానలో వచ్చాడు. అది చెవి పెట్టక్కర్లేకుండానే బుసలు కొడుతోంది.

"హెడ్విన్, నీది బాగు చేశావటగా. దీని సంగతీ కాస్త చూడు."

హెడ్విన్ టోపీ వెనక్కి తోసుకున్నాడు. "అదెంత పని! వదిలెళ్లు, చూద్దాం..."

"గుండు తీశావా గెథిన్?" అంది మెలేరి, సింకు దగ్గర నుంచే.

గెథిన్ ఒకసారి హెడ్విన్ వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. "తీశాననే అనుకుంటున్నా."

"అనుకోవద్దు. తుపాకి కొస ఆ గోడ వైపు పెట్టి, తెరిచి చూపించు." అతను తెరిచాడు. లోపల గుండుంది. అది తీసి ఆమె అరచేతిలో పెట్టేసరికి గెథిన్ చెవులు ఎర్రబడ్డాయి. "బల్ల మీద పెట్టు. ఇంకేమీ ముట్టుకోకు. ఇవాళ చూసి ఏమైందో చెబుతా. గాలి గొట్టం దెబ్బతినుంటే మాత్రం బాగు చెయ్యను, థెల్మా దగ్గరికి పట్టుకెళ్లాలి."

"ఏంటి హెడ్విన్, బాగు చేసింది నువ్వు కాదా?" అన్నాడు గెథిన్, నవ్వాపుకుంటూ.

హెడ్విన్ కాసేపు టోపీ అంచు సరిచేసుకున్నాడు. "కాదు," అన్నాడు చివరికి. "తనే చేసింది. నేను చేసుంటే ఇప్పుడు నాకు మొహం ఉండేది కాదు."

మెలేరి సింకులోని దుంపల్ని అలాగే వదిలి చేతులు తుడుచుకుంది. అతను ఆ మాట అంటాడని ఆమె ఎదురుచూడలేదు. అనకపోయినా తను ఆ బల్ల దగ్గరికి నడిచే ఉండేదని కూడా ఆమెకు తెలుసు. దీపం దగ్గరికి లాగి, సబ్బు నీళ్ల గిన్నె పెట్టి, సొరుగులోంచి కళ్లద్దాలు ఒక జత తీసుకుంది. కాసేపాగి రెండో జత కూడా తీసి, పొయ్యి పక్క కుర్చీ వైపు తిరిగింది.

"అత్తయ్యా, కొంచెం వస్తారా? బుడగలు ఎక్కడొస్తున్నాయో మీ కళ్లయితే త్వరగా పట్టేస్తాయి."

బ్లోడ్వెన్ మేజోళ్లూ సూదులూ ఒళ్లోంచి నేల మీద పెట్టేసి, కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. లేవడానికి ఎవరి సాయమూ అడగలేదు. బల్ల దగ్గరికొచ్చి, అద్దాలు చెవులకు తగిలించుకుని, స్వెటరు చేతులు పైకి మడుచుకుంది.

"మరి భోజనం?" అన్నాడు హెడ్విన్.

ముసలావిడ తలెత్తలేదు. "ఉల్లిపాయలు గంపలో ఉన్నాయిరా, కత్తి సొరుగులో ఉంది," అంది.